డబ్బు పంపే ముందు ఆ ఎపిసోడ్ ఒకసారి చూడు

జయనగర్, బెంగళూరు

చిన్నాకి పిన్ని ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాను. ‘నరుటో ఒరిజినల్ ప్రొడక్షన్ సెల్, ఒక్కటే పీస్, 18 వేలు, రేపు సాయంత్రంలోగా అడ్వాన్స్ కావాలి’ అని దాని కింద రాసుంది. కొనేయనా పిన్నీ అని అడిగావు. వద్దు నాన్నా, ఒక్క రూపాయి కూడా పంపకు. సెల్ అంటే బొమ్మ వేసిన పారదర్శకమైన షీటు, దాన్ని కెమెరా కింద పెట్టి ఒక్కో ఫ్రేమూ తీసేవారు. జపాన్ యానిమేషన్ నరుటో టీవీ సిరీస్ మొదలైంది 2002లో. అప్పటికే జపాన్‌లో టీవీకి తీసే స్టూడియోలు దాదాపు అన్నీ సెల్స్ మానేసి కంప్యూటర్‌లో రంగులు వేయడం మొదలుపెట్టాయి. నరుటో కూడా అలా తీసిందే. దానికి ప్రొడక్షన్ సెల్ అనే వస్తువే లేదు. నీకు చూపించింది ఎవరైనా అభిమాని చేత్తో వేసిన బొమ్మ అయినా అయ్యుండాలి, ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు అయినా అయ్యుండాలి. అభిమాని వేసిన బొమ్మని అదే పేరు చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్మితే తప్పేం లేదు. ఒరిజినల్ అని చెప్పి అమ్మడమే మోసం.

ఇంతవరకైతే ఫోన్‌లోనే చెప్పేదాన్ని. కానీ కాలేజీ ఫెస్ట్‌కి ఏఎంవీ, అంటే జపాన్ యానిమేషన్ సీన్లని పాటకి అతికించిన వీడియో, చేస్తున్నానని కూడా రాశావు. వీడియో చేయడం ఒక పని, వస్తువులు పోగు చేయడం ఇంకో పని అని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. ఇరవై ఏళ్లుగా రెండూ చేస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, రెండింటికీ కావాల్సింది ఒకే కన్ను. ఒక సిరీస్‌ని ఆపి ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చూసిన కన్ను. అది ఉంటే వీడియో బాగా వస్తుంది, డబ్బూ మిగులుతుంది.

నాకు జరిగింది చెప్తా విను. 2007లో డ్రాగన్ బాల్ జీ సెల్ ఒకటి ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర కొన్నా. తొమ్మిది వేలు, అప్పటి నా జీతంలో సగం. ఆ సిరీస్ 1989 నుంచి 1996 దాకా సెల్స్ మీదే తీశారు, కాబట్టి అనుమానం రాలేదు. ఫ్రేము కట్టించి పీజీ గదిలో మంచం ఎదురుగా పెట్టుకున్నా. రెండేళ్ల తర్వాత ఒక వీడియో కోసం అదే ఎపిసోడ్ కట్ చేస్తున్నా. ఆ షాట్ వచ్చింది. బాణం కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమే జరుపుతున్నా. ముఖం కదలట్లేదు, జుట్టు కదలట్లేదు, నోరొక్కటే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. నోరొక్కటే కదిలే షాట్‌లో ముఖం ఒక సెల్ మీద, నోరు వేరే సెల్ మీద వేస్తారు. ముఖం ఒక్కసారి వేసుకుంటే చాలు, పైన నోళ్లు మార్చుకుంటూ పోతారు. నా గోడ మీదున్న సెల్‌లో నోరు ముఖంతో కలిపే వేసుంది. ఎవరో టీవీలో బొమ్మని ఆపి దిద్దింది అది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. పోయిన డబ్బు కన్నా, రెండేళ్లు రోజూ చూస్తూ కూడా ఇది కనిపెట్టలేదే అన్న బాధ ఎక్కువైంది.

అసలు సెల్ ఎలా ఉంటుందో నువ్వు చేత్తో పట్టుకుని చూడాలి. తర్వాత నేను కొన్నవాటిలో కార్డ్‌కాప్టర్ సకురా సిరీస్‌ది ఒకటుంది. పారదర్శకమైన పల్చటి షీటు. గీతలు ముందువైపు ఉంటాయి, రంగు వెనకవైపు వేస్తారు. ముందు నుంచి చూస్తే రంగు అద్దంలా నున్నగా కనిపిస్తుంది. వెనక్కి తిప్పితే మాత్రం మందంగా, ఎగుడుదిగుడుగా, ఒక రంగు మీదికి ఇంకో రంగు కాస్త ఎక్కి ఉంటుంది. ఒక అంచున వరసగా రంధ్రాలుంటాయి. కెమెరా కింద షీట్లు పక్కకి జరగకుండా మేకులకి తగిలించడానికి అవి. మూలన ఏ4, బీ2 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్షరం ఏ పొరో చెప్తుంది, అంకె వరసలో ఎన్నోదో చెప్తుంది. చాలాసార్లు పెన్సిల్‌తో వేసిన కాగితం కూడా వెనక అతుక్కుని వస్తుంది, దాన్ని దోగా అంటారు. అతుక్కుంది కదా అని లాగావంటే రంగు దాంతోపాటే ఊడొస్తుంది. అలాగే ఉండనివ్వు.

ఎవరైనా సెల్ చూపించారంటే ముందు సిరీస్ ఏ ఏడాదిదో చూడు. 1999కి ముందుదైతే సెల్ ఉండే అవకాశం ఉంది. 2002 తర్వాతదైతే దాదాపు లేదనే అనుకో. మధ్యలో వచ్చినవాటికి విడిగా వెతకాలి. సజాయె-సాన్ అనే సిరీస్ ఒకటి 2013 దాకా సెల్స్ మీదే నడిచింది గానీ, అదొక్కటే అలా మిగిలింది. తర్వాత ఆ ఎపిసోడ్ తెరిచి ఆ షాట్ వెతుకు. ఏం కదులుతోంది, ఏం కదలట్లేదు, ఎన్ని పొరలుండాలి అని చూడు. వెనకవైపు ఫొటో అడుగు. అడిగితే ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. రేపటిలోగా అని తొందర పెట్టేవాడి దగ్గర అసలే కొనొద్దు.

ఇక నీ వీడియో సంగతి. ఈ పని ఎక్కడ మొదలైందో తెలిస్తే నీకు ధైర్యం వస్తుంది. 1982లో జిమ్ కపోజ్‌టాస్ అనే అమెరికా కుర్రాడు రెండు వీసీఆర్‌లు కలిపి, యమాటో సిరీస్ సీన్లని ఒక పాటకి అతికించాడు. మొదటి ఏఎంవీ అదే అంటారు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న సౌకర్యంలో వందో వంతు కూడా అతనికి లేదు.

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకు. డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా వస్తుంది, అది చాలు. కానీ ప్రాజెక్టు తెరవగానే టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములో, 23.976కి పెట్టుకో. చాలామంది 30కి వదిలేస్తారు. సినిమా లెక్కలో తీసిన బొమ్మని 30లోకి సాగదీస్తే మధ్య మధ్యలో ఒక్కో ఫ్రేము రెండుసార్లు పడి, కెమెరా పక్కకి జరిగే షాట్లన్నీ తడబడతాయి. ఎక్కడో లోపం ఉందని చూసేవాళ్లకి తెలుస్తుంది గానీ ఏంటో చెప్పలేరు. సబ్‌టైటిల్స్ అతుక్కున్న క్లిప్పులూ, వేరేవాళ్ల లోగో ఉన్న క్లిప్పులూ వాడకు.

పాట తెలుగుదే పెడతానన్నావు, చాలా సంతోషం. అయితే నువ్వు పంపిన మొదటి ముప్పై సెకన్లలో, పాటలో ‘వాన’ అంటే వాన, ‘కన్నులు’ అంటే కళ్లు, ‘నడక’ అంటే నడక వేశావు. మాటకి మాట బొమ్మ వేస్తే చూసేవాడు మూడో మాటకే తర్వాతేం వస్తుందో చెప్పేస్తాడు. పల్లవికి ఒక భావం అనుకో, చరణానికి ఇంకోటి అనుకో. పల్లవిలో ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది అనుకుంటే, ఆ పల్లవి అయ్యేదాకా ఎదురుచూపే ఉండాలి, అది కిటికీ అయినా, ఖాళీ ప్లాట్‌ఫామ్ అయినా సరే. మధ్యలో వాద్యాల ముక్క వచ్చినప్పుడు కథని కదిలించు. పోరాటాలు, పరుగులు అక్కడ నప్పుతాయి. నాలుగున్నర నిమిషాల పాట మొత్తం వాడక్కర్లేదు, రెండో చరణం తీసేసి రెండున్నర నిమిషాలకి కుదించు. ఏ దరువు దగ్గర అతికించావో వినేవాడికి తెలియకూడదు.

ఇక కట్ ఎక్కడ పడాలి అనేది. పాట నిమిషానికి 90 దెబ్బల వేగంతో ఉంటే, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఒక్కో దెబ్బకీ 16 ఫ్రేములు వస్తాయి. నువ్వు ప్రతి దెబ్బకీ కట్ చేశావు. పది సెకన్లు బాగుంది, తర్వాత తలనొప్పి వచ్చింది. ఎనిమిది దెబ్బల తాళంలో మొదటిదాని మీద ఒక కట్ పెట్టి, మిగతా ఏడింటికీ షాట్ లోపలి కదలికని పని చేయనివ్వు. తల తిరగడం, తలుపు పడటం, నీటి చుక్క రాలడం, ఇవి కూడా దెబ్బలే. కట్‌ని దెబ్బ కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు పెట్టి చూడు. కొత్త షాట్‌ని కన్ను పట్టుకునేలోపు మృదంగం మోగుతుంది, రెండూ ఒకేసారి తగిలినట్టుంటుంది. ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. ఒక షాట్‌ని ఒక ఫ్రేము ముందుకీ వెనక్కీ జరుపుతూ ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుంటే తెలిసింది.

పాత్ర నోరు పాటతో కలవాలంటే ఇందాక చెప్పిన విద్యే పనికొస్తుంది. టీవీ సిరీస్‌లలో నోటికి ఎక్కువగా మూడే ఆకారాలుంటాయి: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. ఆ మూడింటినీ కత్తిరించుకుని, ‘ఆ’ దగ్గర తెరిచిందీ, ‘మ’ దగ్గర మూసిందీ పెట్టుకుంటూ పోతే ఆ అమ్మాయి తెలుగులో పాడినట్టే ఉంటుంది. ఒక్క లైనుకి చాలు. అన్నిచోట్లా చేశావంటే విలువ పోతుంది.

ప్రాజెక్టుని రెండు చోట్ల దాచుకో. నేను మూడు నెలలు చేసిన పని ఒక హార్డ్ డిస్క్‌తో పాటే పోయింది. యూట్యూబ్‌లో పెడితే పాటని మెషీనే గుర్తుపట్టి క్లెయిమ్ వేయవచ్చు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే పాట మాదని హక్కుదారు చెప్పుకోవడం, స్ట్రైక్ అంటే కాపీరైట్ తప్పుకి పడే హెచ్చరిక. క్లెయిమ్‌తో ఛానెల్ పోదు, 90 రోజుల్లోపు మూడు స్ట్రైకులు పడితే పోవచ్చు. దాని మీద డబ్బు సంపాదించే ఆలోచన పెట్టుకోకు. చివర్లో సిరీస్ పేరు, స్టూడియో పేరు, పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, పాడినవాళ్ల పేర్లు వెయ్యి. వాళ్ల కష్టం మీదే మన కష్టం నిలబడింది.

కొనడం మానేయమని నేను చెప్పను. ఏది కొనాలో ఒక్క సిరీస్‌కి, కుదిరితే ఒక్క పాత్రకి గిరి గీసుకో. జపాన్‌లో మందరాకె, సురుగయా లాంటి సెకండ్ హ్యాండ్ షాపుల్లో దొరికేవాటిని చూస్తూ ఉండు. ‘చూకో’ అంటే వాడింది, ‘మికైఫూ’ అంటే సీలు విప్పనిది, ‘జంకు’ అంటే ఏ గ్యారంటీ లేకుండా ఇచ్చేది. నేరుగా ఇక్కడికి పంపని అమ్మకందారుల దగ్గరైతే మన తరఫున అక్కడ కొని ఇక్కడికి పంపే ప్రాక్సీ కంపెనీ ద్వారా కొనాలి. లెక్క ముందే వేసుకో: వస్తువు ధర, జపాన్ లోపలి రవాణా, ప్రాక్సీ ఫీజు, ఇక్కడిదాకా రవాణా, దాని మీద కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ. గిఫ్ట్ అని రాయిస్తే డ్యూటీ పడదని ఎవరో చెప్పారన్నావే, ఐదు వేలలోపు గిఫ్టులకి ఇచ్చే ఆ మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. కొన్నదాన్ని గిఫ్ట్ అని రాయించడం అబద్ధం కూడా. నాలుగు వేల బొమ్మ ఇంటికొచ్చేసరికి ఏడెనిమిది వేలైతే ఆశ్చర్యపోకు.

నెండొరాయిడ్‌లు, అవే పెద్ద తలల చిన్న బొమ్మలు, వాటి విషయంలో ఇంకో మాట. ఆగిపోయాయి, ఇక దొరకవు అన్నవాటిలో కొన్నింటిని కంపెనీ మళ్లీ వేస్తుంది. అలా వేసిన నెలలోనే సెకండ్ హ్యాండ్ ధరలు దిగొస్తాయి. ఓపిక పట్టు. కామిక్ కాన్ జరిగినప్పుడు వెళ్లు, స్టాల్‌లో బొమ్మని చేతిలోకి తీసుకుని చూడు. నకిలీదైతే కంటి పెయింటు గీత దాటి ఉంటుంది, జుట్టు అతుకులు బరకగా తగులుతాయి, పెట్టె మీద తయారుచేసిన కంపెనీ పేరే ఉండదు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, పాత వాల్యూములకైతే చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్స్ పుస్తకాల షాపుకి వెళ్లు, అక్కడ నాకు రెండు మూడుసార్లు అదృష్టం కలిసొచ్చింది.

దాచడం అమ్మమ్మ దగ్గర నేర్చుకో. హిందూపురంలో దసరా కొలువు ఎత్తేటప్పుడు ఆవిడ కొండపల్లి బొమ్మల్ని ఒక్కోదాన్నీ పాత నూలు చీర ముక్కలో చుట్టి, వేపాకు వేసి ట్రంకు పెట్టెలో పెట్టేది. ఏ బొమ్మ ఏ ఏడాది కొన్నదో, ఎవరు తెచ్చిచ్చారో నోటికి చెప్పేది. నీ నోటుబుక్కులో అది రాసుకో, ఎక్కడ కొన్నావు, ఎంతకి, ఎందుకు అని. కానీ సెల్స్‌కి, ఫిగర్లకి గట్టిగా మూసేసిన పెట్టె పనికిరాదు. సెల్ పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వస్తుంది. అలాంటిది దొరికితే మిగతావాటికి దూరంగా పెట్టు. పీవీసీ బొమ్మలు గాలి ఆడకపోతే జిగటగా తయారవుతాయి. గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి కడిగి, నీడన ఆరబెడితే తగ్గుతుంది. నీ పీజీలో పడమటి కిటికీ పక్కన ర్యాకు పెట్టావు, దాన్ని ఈ వారమే జరుపు. ఎండకి ఏడాదిలో రంగు పోతుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఇక్కడ గోడలు చెమ్మ ఎక్కుతాయి, కాబట్టి గోడకి నాలుగు వేళ్ల ఎడం ఉండాలి.

మీ అమ్మ ఫోన్ చేసి, వీడికి ఈ పిచ్చి నువ్వే అంటించావని కోప్పడింది. 1993లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో జంగిల్ బుక్ వస్తే నా కన్నా ముందు టీవీ ముందు కూర్చున్నది మీ అమ్మే. అది జపాన్‌లో తీసిన సిరీస్ అని అప్పుడు మాకిద్దరికీ తెలియదు. ఒకసారి ఆమెతో కూర్చుని ఆ సిరీస్‌లో ఒక ఎపిసోడ్ చూడు. మెస్ డబ్బుల్లోంచి మాత్రం బొమ్మలు కొనకు, ఆ మాట నాకు ఇవ్వాలి.

శనివారం సాయంత్రం ఇంటికి రా. కింది నుంచి వెలుగొచ్చే లైట్ బాక్స్ తీసి పెడతా, సకురా సెల్ నీ చేతికిస్తా, ముందూ వెనకా నీ ఇష్టం వచ్చినంతసేపు చూద్దువు గాని. ల్యాప్‌టాప్, చార్జర్ మర్చిపోకు. ఆ మొదటి ముప్పై సెకన్లు ఇద్దరం కూర్చుని మళ్లీ కట్ చేద్దాం.

మీ పిన్ని