అప్పు చేసి స్టడీ టూర్‌కు పంపకండి

ప్రశ్న: మా అమ్మాయి బీబీఏ టూరిజం రెండో సంవత్సరం చదువుతోంది. తీరప్రాంత ఎకోటూరిజం, అక్కడి మూలవాసులైన మావోరీల సంస్కృతి గురించి తెలుసుకోవడానికి జనవరిలో కాలేజీవాళ్లు న్యూజిలాండ్‌లోని కైకౌరా అనే ఊరికి తీసుకెళ్తున్నారు. ఖర్చు 2,60,000 రూపాయలు. తప్పనిసరి కాదు, ట్రిప్ ఏటా ఉంటుంది. నా జీతం 62 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ, 5 వేల చీటీతో కలిపి నెల ఖర్చు 50 వేలు. బ్యాంకులో 90 వేలున్నాయి. అవి కదపకుండా, మా ఆవిడ బంగారం మీద 1,60,000, క్రెడిట్ కార్డు మీద లక్ష తీసుకుందామనుకుంటున్నాను. మే నెలలో చీటీ అయిపోయి 2 లక్షలు వస్తాయి. అక్కడ తిమింగలాలు చూపించే సంస్థను మావోరీ కుటుంబాలు ఇళ్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టాయట. మరి నేను చేసేది తప్పా? - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పే. కార్డు మీద లక్షను 12 నెలల ఈఎంఐగా మారిస్తే నెలకు 9 వేల పైనే కట్టాలి. బంగారం లోన్ వడ్డీ ఇంకో 1,400 దాకా ఉంటుంది. మీకు మిగులుతున్న 12 వేలలో చేతికి వచ్చేది పదిహేను వందలు. ఏడాది తిరిగేసరికి బంగారం అసలు 1,60,000 ఎక్కడి నుంచి తెస్తారు? చీటీ డబ్బులోంచే. అంటే మేలో రావాల్సిన డబ్బు జనవరిలోనే ఖర్చయిపోయినట్టు.

పిల్లల చదువు అనగానే చాలామంది లెక్క చూడడం మానేస్తున్నారు. ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన ఖర్చుకు అప్పు చేస్తారు. ఎప్పుడు వస్తుందో తెలియని ఖర్చుకు మాత్రం ఏమీ దాచరు. మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ఇందుకే.

ఇళ్లు తాకట్టు పెట్టిన మాట నిజమే. 1987లో స్థానిక మావోరీ కుటుంబాలు ఆ అప్పుతో గాలి నింపే ఒక చిన్న రబ్బరు పడవ కొని వేల్ వాచ్ కైకౌరాను ప్రారంభించాయి. అక్కడ తీరానికి దగ్గర్లోనే సముద్రం అడుగున లోతైన లోయ ఉండడంతో స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. పడవ సంపాదించింది, అప్పు తీరింది. మీరు అప్పుతో కొనే విమానం టికెట్ ఒక్క రూపాయి కూడా సంపాదించదు.

ఆ కథలో మిగతా సగం కూడా మీ అమ్మాయికి చెప్పండి. 2016 నవంబర్ 14న కైకౌరా ప్రాంతంలో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. రోడ్లు, రైలు మార్గం తెగిపోయాయి. చిక్కుకున్న టూరిస్టులను హెలికాప్టర్లలో, నౌకాదళం ఓడలో తరలించారు. సముద్రపు అడుగు పైకి లేవడంతో పడవలు తిరగడానికి నీళ్లు చాలలేదు. ఊరికి ఉత్తరాన ప్రధాన రహదారి మళ్లీ తెరుచుకున్నది 2017 డిసెంబర్‌లో. ఆ తర్వాత 2020 మార్చిలో కరోనా వల్ల విదేశీ టూరిస్టులకు దేశమే తలుపులు మూసేసింది, 2022లో గానీ తెరవలేదు. పేరున్న సంస్థకే ఇలాంటి రోజులు వచ్చాయి. ఒక్క జీతం మీద నడిచే మీ ఇంటికి రావనుకోవద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు, ఫోన్లు లేక విశాఖ ఎన్ని అవస్థలు పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

చీటీ పోను మీ నెల ఖర్చు 45 వేలు. ఆరు నెలలకు 2,70,000 అత్యవసర నిధి ఉండాలి. మీ దగ్గరున్నది రెండు నెలలకే సరిపోతుంది. దాన్ని కదపకూడదనుకున్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు నచ్చింది ఆ ఒక్క మాటే. మేలో వచ్చే చీటీ డబ్బులోంచి 1,80,000 ముందు ఈ నిధిలో వేయండి. జీతం వచ్చే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో ఎఫ్‌డీగా పెట్టండి. అది షేర్లకు, పెళ్లిళ్లకు, టూర్లకు వాడే డబ్బు కాదు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి పాలైనా ముట్టుకోవాల్సిన డబ్బు.

కంపెనీ ఇచ్చే హెల్త్ పాలసీ ఒక్కటే ఉంటే, సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) తీసుకోండి. మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు అందించే టర్మ్ పాలసీ కూడా ఇంటి లోన్‌కు సరిపడా ఉండాలి. పీఎఫ్ తీయకండి. లోన్ యాప్‌ల వైపు అసలు చూడకండి.

ట్రిప్ మంచిదే. మావోరీల సమావేశ ప్రాంగణమైన మరాయెలో అడుగుపెట్టడానికి పాటించే మర్యాదలు, తీరాన్ని కాపాడుకుంటూనే దాని మీద బతకడం పుస్తకాల్లో అంతగా అర్థమయ్యేవి కావు. వచ్చే ఏడాది బ్యాచ్‌లో పంపండి. నెలకు 12 వేలు, జూన్ నుంచి చీటీ వాయిదా 5 వేలు కూడా కలిపి పక్కన పెడితే, నిధికి ఇవ్వాల్సింది ఇచ్చాక కూడా 2 లక్షల పైన చేతిలో ఉంటుంది. తగ్గిన నలభై, యాభై వేలు బోనస్‌తోనో, సెలవుల్లో అమ్మాయి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌తోనో సర్దుకోవచ్చు. ఈలోగా కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు చూసి రమ్మనండి, రెండు మూడు వేలతో అయిపోతుంది.

పంపేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ మానకండి. ప్రమాదంలో దెబ్బ తగిలితే న్యూజిలాండ్ ప్రభుత్వ పథకం విదేశీయుల చికిత్సకూ సాయపడుతుంది గానీ జబ్బు చేస్తే ఆ ఖర్చు మనదే. ఈసారికి మాత్రం అడ్వాన్స్ కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే, వచ్చే ఏడాదికి మారుస్తారా అని ఈ వారంలోనే కాలేజీకి రాతపూర్వకంగా అడగండి.