అమ్మకానికి లేని ఇంటికి అప్పు తెచ్చి అడ్వాన్సా?

ప్రశ్న: మా నాన్న 2004లో అక్క పెళ్లి కోసం తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇల్లు అమ్మేశారు. ఇప్పుడు అందులో రిటైరైన టీచర్, ఆయన భార్య ఉంటున్నారు. వాళ్లకు అమ్మే ఆలోచన లేదు. నాకు మాత్రం ఆ ఇల్లే కావాలి. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.08 లక్షలు. అద్దె 14 వేలతో కలిపి ఖర్చు 50 వేలు. డిపాజిట్ 12 లక్షలు, ఇంకా పాడని 5 లక్షల చీటీ, సేవింగ్స్‌లో 2.1 లక్షలు ఉన్నాయి. తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెచ్చి, నగదు ముందు పెట్టి అడిగితే వాళ్లు మెత్తబడతారని స్నేహితులు అంటున్నారు. 85 లక్షల దాకా పెట్టడానికి సిద్ధం. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి. కానీ ఒట్టి చేతులతో వెళ్లండి. మహా అయితే ఒక డజను అరటిపండ్లు పట్టుకెళ్లండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఇల్లు కాదు, ఆ 10 లక్షలు. బేరం కుదరకముందే అప్పు తేవడం మన దగ్గర మామూలైపోయింది. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 20 వేలు, ఏడాదికి 24 శాతం. ఆ రిటైర్డ్ మాస్టారు తన కొడుకుతో మాట్లాడాలి, కూతురిని అడగాలి, మంచిరోజు చూడాలి. ఆయన ఆలోచించుకున్నన్ని నెలలూ వడ్డీ కట్టేది మీరు. ఆరు నెలలు తీరిగ్గా ఆలోచించి ‘వద్దులే నాయనా’ అంటే 1.2 లక్షలు పోయినట్టే. ఈ సలహా ఇచ్చిన స్నేహితుల్లో ఒక్కరైనా అందులో సగం పంచుకుంటారేమో అడిగి చూడండి.

పైగా ఇల్లు అమ్మకానికి అడ్వాన్స్‌గా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. అంటే మీరు ఒక రిటైర్డ్ మాస్టారి ముందు 10 లక్షల జరిమానా పెట్టి రాబోతున్నారు!

ఇంకోటి. అమ్మేవాడికి అవసరం ఉంటే బేరం మన చేతిలో ఉంటుంది. అవసరం లేనివాడిని మనం అడిగితే రేటూ వాళ్లదే, గడువూ వాళ్లదే. ఆ ఎక్కువ రేటును బ్యాంకు పట్టించుకోదు. ఇంటి విలువ కట్టే బ్యాంకు వాల్యుయర్ 75 లక్షలు రాశాడనుకోండి, మీకు వచ్చే లోన్ అందులో 80 శాతం, అంటే 60 లక్షలు. మీరు పెడతానన్న 85 లక్షల్లో మిగతా 25 లక్షలు మీ జేబులోంచే. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు 7.5 శాతం లెక్కన ఇంకో 6.4 లక్షలు. మొత్తం 31.4 లక్షలు. మీ డిపాజిట్, చీటీ, అప్పు అన్నీ కలిపినా 27 లక్షలే. చీటీ ఇప్పుడే పాడితే 5 లక్షలూ పూర్తిగా చేతికి రావని మీకూ తెలుసు.

పోనీ, ఎలాగో సర్దారనుకుందాం. 60 లక్షలకు 8.5 శాతం చొప్పున 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 52 వేలు. అద్దె మిగులుతుంది కాబట్టి ఇంటి ఖర్చు 36 వేలు. చేబదులు వడ్డీ 20 వేలు. మొత్తం 1.08 లక్షలు. మీ జీతాలు కూడా సరిగ్గా అంతే! 10 లక్షల అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది. నాన్నగారికి ఒంట్లో బాగాలేక స్విమ్స్ ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండాల్సి వస్తే పైఖర్చులకు దేన్ని కదిలిస్తారు?

మూడేళ్ల క్రితం ఒకాయన నా దగ్గరికి అగ్రిమెంటు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చారు. భార్య నగలు కుదువ పెట్టి 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చారు, గడువు మూడు నెలలు. రెండో నెలలో వాళ్లమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. రిజిస్ట్రేషన్‌కు దాచిన డబ్బు ఆపరేషన్‌కు పోయింది. ‘గడువు దాటితే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు’ అన్న లైను కింద బాల్‌పెన్‌తో రెండు గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలు ఆయనే గీసుకున్నారు, ఆలస్యంగా. మూడు లక్షలు విడిగా ఉండి ఉంటే ఆ కుటుంబం ఇవాళ ఆ ఇంట్లోనే ఉండేది.

అందుకే ముందు అత్యవసర నిధి. ఇల్లు కొన్నాక మీ నెల ఖర్చు, ఈఎంఐతో కలిపి 88 వేలు. ఆరు నెలలకు 5.28 లక్షలు. ఉన్నది 2.1 లక్షలు. డిపాజిట్‌లోంచి 3.2 లక్షలు విడదీసి వేరే ఖాతాలో వేయండి. అది ఇంటి డబ్బు కాదు, రిజిస్ట్రేషన్ రోజు తక్కువపడినా ముట్టుకోకూడదు. ఇలా విడదీస్తే ఇల్లు ఇంకొన్నాళ్లు వెనక్కి వెళ్తుంది. వెళ్లనివ్వండి, ఇరవై ఏళ్లు ఆగిన ఇల్లే కదా.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే సొంతంగా మరొకటి తీసుకోండి. బేరం దాకా వస్తే ఇంటి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపించే ఈసీ తీయించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితా చూడండి. మఠం భూముల గొడవలున్న ఊళ్లో ఇది తప్పదు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి మీరిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) మినహాయించాలని వాళ్లకు ముందే చెప్పండి.

ఇక మాస్టారి దగ్గర ధర ఎత్తకండి. ‘మేము పుట్టి పెరిగిన ఇల్లు సార్, ఒకసారి చూసిపోదామని వచ్చాం. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే బ్రోకర్‌కు చెప్పేముందు మాకో మాట చెప్పండి’ అని, ఫోన్ నంబరు రాసిచ్చి రండి. పండక్కోసారి పలకరించండి. వాళ్లు సరేనన్న రోజు నాకు మళ్లీ రాయండి, ఎంత ఇవ్వొచ్చో అప్పుడు లెక్క వేద్దాం. ఈలోపు ఆ రెండు రూపాయల వడ్డీ పెద్దమనిషికి ఫోన్ చేసి, డబ్బు అక్కర్లేదని చెప్పేయండి. ఈ రోజే.