నంద్యాల ఎంపీ సీటు అంత స్పెషల్ ఎందుకు?

నంద్యాల ఎంపీ సీటు గురించి ఎందుకంత చెప్పుకుంటారని అడిగారు కదా, నా లెక్కలో రెండు ఎన్నికలే అసలు కారణం. 1977లో రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌కే పోయాయి, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, జనతా నుంచి నీలం సంజీవరెడ్డి గెలిచారు, ముందు స్పీకరయ్యారు, అదే ఏడాది జులైలో రాష్ట్రపతి కూడా అయ్యారు.

ఇంక 1991. జూన్‌లో పీవీ ప్రధాని అయ్యేనాటికి ఆయన ఎంపీ కాదు, ఆరు నెలల్లో ఏదో ఒక సభకి రావాలి, దాంతో గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి ఈ సీటిచ్చారు, తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని ఎన్టీఆర్ టీడీపీ అభ్యర్థినే పెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ నిలబడినా మెజారిటీ 5.8 లక్షలు దాటింది, అప్పట్లో గిన్నిస్ రికార్డు! ఎన్టీఆర్ పార్టీ పక్కనపెట్టి అలా ఆలోచించడం నిజంగా గొప్ప విషయం.

1996లో పీవీ ఇక్కడ మళ్లీ గెలిచినా, ఒడిశాలోని బరంపురంలోనూ గెలవడంతో ఆ సీటే ఉంచుకున్నారు, ఉపఎన్నికలో భూమా నాగిరెడ్డి వచ్చారు. 2004 నుంచి మూడుసార్లు ఎస్పీవై రెడ్డి, 2019లో వైసీపీ పోచా బ్రహ్మానందరెడ్డి, 2024లో టీడీపీ బైరెడ్డి శబరి.