ఉబుంటు చెదరకుండా విండోస్ మళ్లీ ఎక్కించాలంటే

అబ్బయా,

కావలి ఇంట్లో డెస్క్‌టాప్‌లో విండోస్ మళ్లీ ఎక్కించాలి, పక్కనున్న ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) మాత్రం చెదరకూడదు అన్నావు. అట్టాగే చేసుకోవచ్చు. డిస్క్‌ను విడగొట్టిన భాగాల్లో, అంటే పార్టిషన్లలో, ఏది దేనిదో తెలియకుండా చెయ్యి పెడితేనే ప్రమాదం.

ముందు మీ నాన్న మేత కొట్టు లెక్కల సంగతి చూడు. ట్యాలీ డేటా ఫోల్డర్‌ను, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చెయ్యి. అదే డ్రైవ్‌లో ఇంకో పార్టిషన్‌లో దాస్తే అది బ్యాకప్ కాదు. ట్యాలీ లైసెన్స్‌ను ఫార్మాట్‌కు ముందే సరెండర్ చెయ్యాలి, లేకపోతే కొత్త విండోస్‌లో యాక్టివేషన్ దగ్గర ఇబ్బంది పడతావు.

ఇప్పుడు ఉబుంటులోకి పోయి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టు. ప్రతి పార్టిషన్ సైజునూ, అది దేనిదో కాగితం మీద రాసుకో. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అక్కడ 238.5గా కనిపిస్తుంది, విండోస్ ఇన్‌స్టాలర్ కూడా దాదాపు అదే అంకె చూపిస్తుంది కాబట్టి రెండూ పోల్చుకోవచ్చు. ఇన్‌స్టాలర్ పట్టీలో ఉబుంటు అని పేరు రాసి ఉండదు, సైజే నీకు గుర్తు. 100 ఎంబీదో, అంతకన్నా కాస్త పెద్దదో చిన్న ‘సిస్టమ్’ పార్టిషన్ ఉంటుంది చూడు, ఈఎఫ్‌ఐ అంటే అదే. విండోస్, ఉబుంటు రెండింటి బూట్ ఫైళ్లూ (సిస్టమ్ లేవడానికి కావాల్సినవి) వేర్వేరు ఫోల్డర్లలో దాంట్లోనే ఉంటాయి. పనికిరానిదిలే అని దాన్ని తీసేస్తే రెండూ లేవవు. ఫార్మాట్ చేసినా దాని గుర్తింపు సంఖ్య మారిపోతుంది, ఉబుంటు ఆ పాత సంఖ్య కోసం వెతికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

సిస్టమ్ ఆపేసి, 1 టీబీ డేటా హార్డ్‌డిస్క్ సాటా కేబుల్ పీకెయ్యి. రెండు డ్రైవ్‌లు కనిపిస్తే ఇన్‌స్టాలర్ ఒక్కోసారి విండోస్‌ను ఒకదాంట్లో, బూట్ ఫైళ్లను ఇంకోదాంట్లో పెడుతుంది.

విండోస్ ఇన్‌స్టాలర్ పెట్టుకోడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. బూట్ మెనూలో (సిస్టమ్ దేన్నుంచి లేవాలో ఎంచుకునే తెర) అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే ముందు ‘యూఈఎఫ్‌ఐ’ అని ఉన్నదే ఎంచుకో. రెండోది నొక్కితే ‘ఈ డిస్క్ జీపీటీ, దీంట్లో ఎక్కించలేం’ అంటుంది. జీపీటీ అంటే డిస్క్‌లో పార్టిషన్ల పట్టీ రాసే కొత్త పద్ధతి. అప్పుడు డిస్క్‌పార్ట్‌లో (విండోస్‌లో డిస్క్‌ల పనిముట్టు) క్లీన్ కొట్టమని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ మాట వినొద్దు, పార్టిషన్ల పట్టీ మొత్తం చెరిగిపోతుంది. రీస్టార్ట్ చేసి సరైన ఎంట్రీ నుంచి మళ్లీ మొదలుపెట్టు.

కొత్త విండోస్ 11 ఇన్‌స్టాలర్ మొదట్లోనే ‘అన్నీ చెరిగిపోతాయి, ఒప్పుకుంటున్నాను’ అని టిక్ పెట్టమంటుంది. కంగారుపడొద్దు, పార్టిషన్లు ఎంచుకునే తెర ఆ తర్వాత వస్తుంది. అక్కడ కాగితం దగ్గర పెట్టుకుని, పాత సీ డ్రైవ్ సైజున్న వరస ఒక్కటే ఎంచుకుని ఫార్మాట్ కొట్టి, నెక్స్ట్ నొక్కు. మిగతా వరసల జోలికి పోవద్దు. సీ డ్రైవ్ చాలట్లేదని ఇదే రోజు ఉబుంటు పార్టిషన్‌ను జరిపే పని కూడా పెట్టుకోవద్దు. జరిపేటప్పుడు మధ్యలో కరెంటు పోతే ఉబుంటు డేటా దెబ్బతింటుంది. మామూలు ఇన్‌స్టాల్‌కైనా యూపీఎస్ ఉండాల్సిందే.

అయిపోయాక సిస్టమ్ నేరుగా విండోస్‌లోకి పోతుంది, ఏ ఓఎస్ కావాలో అడిగే ఉబుంటు వాళ్ల గ్రబ్ మెనూ రాదు. ఉబుంటు ఎక్కడికీ పోలేదు, బూట్ వరసలో విండోస్ ముందుకొచ్చిందంతే. బయోస్‌లోకి పోయి ‘ఉబుంటు’ను మొదటికి జరుపు. ఆ పేరే లేకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా లేపి, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ (efibootmgr) కమాండ్‌తో ఎంట్రీ కొత్తగా కలపాలి. చూపించాల్సింది ఈఎఫ్‌ఐలో ఉబుంటు ఫోల్డర్‌లోని షిమ్ ఫైల్ (గ్రబ్‌ను లేపే చిన్న ఫైల్). గ్రబ్‌లో విండోస్ కనిపించకపోతే కారణం వేరు: గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. గ్రబ్ డిఫాల్ట్ ఫైల్లో దాన్ని ఆపే వరసను ‘ఫాల్స్’ చేసి అప్‌డేట్-గ్రబ్ కొట్టు.

కొత్త విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, ఉబుంటు నుంచి సీ డ్రైవ్‌లో రాయడం కుదరదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలై ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టు. బూట్ మార్పులు చేసినప్పుడు అడుగుతుంది.

గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తే బ్యాటరీ మార్చొద్దు. బోర్డులోని టైమును విండోస్ మన టైముగా, ఉబుంటు యూటీసీగా చదువుతాయి. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీని (బోర్డు గడియారాన్ని మన టైముగా చదివే సెట్టింగ్) 1 చెయ్యి. హార్డ్‌డిస్క్ కేబుల్ సిస్టమ్ ఆపాకే తిరిగి పెట్టు.

మీ పెదనాన్న,
ఒంగోలు