ప్రయోగాల పెట్టె కొనడానికి ముందు ఒక గొట్టం, ఒక సుద్దముక్క

ఇంట్లోనే చదువుకుంటున్న మీ ఎనిమిదేళ్ల, ఆరేళ్ల పిల్లలకు ఏ ప్రయోగాల పెట్టె కొనాలని, వారానికి ఎన్ని ప్రయోగాలు చేయించాలని అడిగారు. తిరుపతిలో మా అమ్మాయికి మూడేళ్లుగా నేనే చదువు చెబుతున్నాను; మాకు పెట్టె అవసరం రాలేదు. నెలకు ఒకటి రెండు చాలు. అయితే ఏమి జరుగుతుందో బిడ్డ ముందే ఊహించి రాసుకోవాలి, ఆ ఊహ తప్పినప్పుడు మనం వెంటనే జవాబు చెప్పకూడదు.

మొదటి ఏడాది నేను వంటసోడాలో నిమ్మరసం పోసి పొంగించడం వంటివి వారానికి నాలుగు చేయించాను. పాప చప్పట్లు కొట్టేది కానీ, మరునాడు అడిగితే ఏమీ చెప్పలేకపోయేది.

ఆ పద్ధతిని మాన్పించింది నీడ. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారుగా ఉన్న వస్తువు నీడ దాని కిందే ఇమిడిపోతుంది. ఏప్రిల్‌లో మిద్దె మీద అడుగు ఎత్తు గొట్టాన్ని నిలబెట్టి, దారానికి రాయి కట్టి అది నిటారుగా ఉన్నదని సరిచూసి, పన్నెండింటికి నీడ ఉండదని ఇద్దరమూ రాసుకున్నాము. పన్నెండయింది. పడమటి వైపు సెంటీమీటరుకు పైగా నీడ నిలిచే ఉంది. ప్రయోగం చెడిపోయిందనుకొని నేను గొట్టం తీయబోతే, అమ్మాయి నన్ను ఆపి, రెండు నిమిషాలకొకసారి నీడ కొసన సుద్దముక్కతో గీత గీసింది. 12.10 ప్రాంతంలో నీడ మాయమై, ఆ తరువాత తూర్పు వైపు మొదలైంది.

కారణం కనుక్కోవడానికి మాకు వారం పట్టింది, ఆ వారమే అసలు చదువు అని నేను నమ్ముతున్నాను. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి, తిరుపతి దానికి పడమటగా 79.4 దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక మనకు నడిమధ్యాహ్నం దాదాపు 12 నిమిషాలు ఆలస్యం. రోజును బట్టి ఇందులో కొంత తేడా ఉంటుంది. తిరుపతిలోనైతే ఆగస్టు మధ్యలో 12.16 ప్రాంతంలో చూడండి.

మీ చిన్నబిడ్డకు పసుపు సరిపోతుంది. దిష్టి నీళ్లలో సున్నం పడగానే పసుపు ఎర్రబడటం ఇంట్లో ఎప్పుడో చూసే ఉంటుంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్లు, చింతపండు రసం, వంటసోడా నీళ్లు ఒక్కొక్క చుక్క వేయించి, ఏది ఎర్రబరుస్తుందో ముందుగా చెప్పించండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక దానిని మీరే పట్టుకోండి. మిద్దె మీద పిల్లలు సూర్యుని వైపు నేరుగా చూడకుండా, చెప్పులు లేకుండా నిలబడకుండా చూసుకోండి.