నవల పూర్తి చేయడానికి చిట్టీ ఎత్తాలా?

హనుమకొండ నుంచి ఒక మేడమ్ రాశారు, పేరు వేయొద్దన్నారు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తారు. జీతం 34 వేలు, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం సగమే వస్తుంది. భర్తది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, ఇంటి లోను ఆయన జీతంలోంచి పోతుంది. వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన ఒక కుటుంబం మీద నాలుగేళ్ళుగా నవల రాస్తున్నారు, 11వ అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో, పుస్తకం రాయడంలో దారి చూపే ఒక బుక్ కోచ్ దొరికారు. ఆరు నెలలు, వారానికో సెషన్, మొత్తం 84 వేలు, ఒకేసారి కడితే 72 వేలు. “రెండు లక్షల చిట్టీ ఇంకా 8 నెలలుంది, పాట పాడి ఎత్తనా? లేక బాబు ఇంజినీరింగ్ కోసం దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీయనా? మా ఆయనేమో దీని మీద ఎంతొస్తుంది అంటున్నారు.” ఇదీ ప్రశ్న.

మేడమ్, కోచ్‌ను పెట్టుకోండి, నవల పూర్తి చేయండి. చిట్టీ మాత్రం ఎత్తొద్దు, ఎఫ్‌డీ జోలికి అసలే పోవద్దు. ఈ ఖర్చు మీ నెల జీతంలోంచే రావాలి, మీరు పంపిన లెక్క చూస్తే వస్తుంది కూడా.

ముందు ఆ 12 వేల డిస్కౌంటు సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని తొందరపెడుతున్నది అదే. చిట్టీ ఇప్పుడు 30 వేలు తగ్గించి పాడారనుకోండి, చేతికి 1,70,000 వస్తుంది. చివరిదాకా ఆగితే కంపెనీ కమీషన్ పోగా మిగతాదంతా మీదే. 2019లో చట్టం మార్చాక కమీషన్ గరిష్ఠంగా 7 శాతం, అంటే 14 వేలు పోయినా 1,86,000 వస్తుంది. తేడా 16 వేలు, సభ్యులందరికీ పంచే డివిడెండు కింద అందులో మీకు తిరిగొచ్చేది వెయ్యి లోపే. అంటే 12 వేలు మిగుల్చుకోవడానికి 15 వేలు వదులుకుంటున్నారు. పైగా ష్యూరిటీలకు తిరగాలి. అన్నిటికన్నా పెద్ద విషయం, రెండో నెలలో ఆ కోచ్‌తో మీకు కుదరకపోతే ముందే కట్టిన 72 వేలలో ఎంత తిరిగిస్తారో ఎక్కడా రాసి లేదు.

ఎఫ్‌డీ గురించి ఎక్కువ చెప్పను. వచ్చే ఏడాది ఫీజు కట్టాల్సిన పైసలవి, వాటికి వేరే పని లేదు.

మీ జీతంలో చిట్టీకి 10 వేలు, ఇంట్లోకి 13 వేలు, ఆర్‌డీకి 3 వేలు పోతే 8 వేలు మిగులుతున్నాయి. కోచ్ లెక్కన ఒక సెషన్‌కు 3,500. వారానికొకటి కాకుండా పదిహేను రోజులకొకటి అడగండి, నెలకు 7 వేలు అవుతుంది. మీ పనికి కూడా అదే నయం అనిపిస్తోంది, రోజుకు ఆరు క్లాసులు చెప్పి వచ్చే మనిషి వారం తిరిగేసరికి ఒక అధ్యాయం ఇవ్వడం ఎలా కుదురుతుంది? ఇవ్వలేని వారం కూడా ఫీజు లెక్కలోకి పోతుంది, దానికి తోడు టెన్షన్. జూన్‌లో మొదలుపెట్టి జనవరి దాకా నడపండి, 16 సెషన్లు, 56 వేలు. ఫిబ్రవరి నుంచి ఇంటర్ పరీక్షలు, ఆ తర్వాత స్పాట్ వాల్యుయేషన్, ఆపైన సగం జీతం నెలలు, అప్పుడు సెషన్లు ఆపేయండి. ఈ ఫీజుకు జీఎస్టీ అదనమా, కలిసే ఉందా అన్నది ఇప్పుడే అడగండి. ఆ కోచ్ జీఎస్టీలో నమోదై ఉంటే 18 శాతం పడుతుంది, 84 వేలది 99,120 అవుతుంది.

అసలు మీకు కోచ్ అవసరమేనా అని కూడా చూశాను. టైము దొరక్క ఆగిపోయి ఉంటే వద్దనేవాణ్ణి. కానీ మిల్లు మూతపడ్డాక కూతురి కథను తండ్రి కథతో ఎలా కలపాలో తెలియక ఆగిందని రాశారు. అది కథ నిర్మాణం సమస్య, కోచ్ పని సరిగ్గా అదే. రాస్తుండగా పక్కన ఉండి, పేజీలు చదివి, ఎక్కడ సడలిందో చెప్పి, తర్వాతి గడువు పెట్టేవాళ్ళు కోచ్. భాష, వాక్యాలు దిద్దే ఎడిటర్ వేరు, ఆ ఖర్చు రాతప్రతి పూర్తయ్యాకే. అందుకే ముందు ఆ 11వ అధ్యాయం ఒక్కటే పంపి, ఒక్క సెషన్‌కు డబ్బు కట్టి చూడండి. మీ కథ గురించి మాట్లాడారా, ఏ నవలకైనా సరిపోయే మాటలు చెప్పారా అన్నది ఆ గంటలోనే తెలిసిపోతుంది.

1934లో పెట్టిన ఆ మిల్లులో షిఫ్టు ఎలా నడిచేది, సైరన్ మోగితే వాడలో ఏం జరిగేది, ఇవి ఏ కోచ్‌కూ తెలియవు. అక్కడ పనిచేసినవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఇద్దరికైనా చదివి వినిపించండి. 1904 నుంచి భాషానిలయం గ్రంథాలయం నడిచిన ఊరు మనది, రాతప్రతి చదివి నిజం చెప్పే పాఠకులు ఇక్కడ దొరుకుతారు, అందుకు ఫీజు అక్కర్లేదు.

ఇక మీవారి ప్రశ్న. అది సరైన ప్రశ్నే, ఆయన మీద కోపం తెచ్చుకోకండి. 250 రూపాయల పుస్తకం 500 కాపీలు అమ్ముడై, 10 శాతం రాయల్టీ వస్తే 12,500. కోచ్ ఫీజులో నాలుగో వంతు కూడా కాదు. పాత పన్ను విధానంలో ఉన్న రచయితలకు రాయల్టీ మీద 3 లక్షల దాకా మినహాయింపు ఉంది కానీ, మన లెక్కలో అది అక్కరకొచ్చే అంకె కాదు. కాబట్టి ఆయనకు ‘తిరిగొస్తుంది’ అని చెప్పకండి. నాలుగేళ్ళ పని పూర్తి చేసుకోవడానికి నా జీతంలోంచి పెట్టుకుంటున్న ఖర్చు, బాబు ఫీజుకూ ఇంటికీ ఒక్క రూపాయి తగ్గదు, అని లెక్క చూపించండి. ఆ మాట అనే హక్కు మీకుంది.

జనవరిలో చిట్టీ డబ్బు వచ్చినప్పుడు డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, ప్రింటింగు అన్నిటికీ కలిపి 50 వేలు పక్కన పెట్టండి, మిగతాది ఎఫ్‌డీలో వేయండి. కోచ్ ప్యాకేజీలో ‘ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఇప్పిస్తాం’ అని విడిగా డబ్బు అడిగితే కట్టొద్దు, మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు. నవల మీద కాపీరైటు మొత్తం మీదేనని, మధ్యలో ఆపేస్తే జరగని సెషన్లకు డబ్బు అడగరని కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం వచ్చాక సంతకం పెట్టకముందే నాకు పంపండి, చదివి చెప్తాను.