మీటరు చూపించిన ప్రతి అంకెకూ మోతాదు మార్చొద్దు

అమ్మాయీ,

షుగర్ జబ్బున్న నీ పిల్లికి పొద్దున ఇన్సులిన్ సూదికి ముందు మీటరు 380 చూపించిందని, ఒక యూనిట్‌ను రెండు చేద్దామా అని అడిగావు. చెయ్యొద్దు. సూదికి ముందు అంకె చూసి పెంచుకుంటూ పోతే మధ్యాహ్నానికి పిల్లి తూలి పడుతుంది. మోతాదును తేల్చేది రోజు మొత్తంలో షుగర్ అన్నిటికన్నా కిందికి దిగిన అంకె. నువ్వు వేసే ఇన్సులిన్ గ్లార్జిన్‌తో అది చాలావరకు సూది వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల లోపు కనిపిస్తుంది. ఒక్కో పిల్లికి ఒక్కోలా ఉంటుంది.

దాన్ని పట్టుకోవడానికి ఒక ఆదివారం కేటాయించు. తిండికి, సూదికి ముందు ఒకసారి, తర్వాత సాయంత్రం సూది దాకా రెండు గంటలకోసారి చూడు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చెవి అంచుకు అర నిమిషం ఆనించి, వెనక దూది పెట్టి, అంచు వెంబడి పోయే సన్న నరం పక్కన గుచ్చు. చుక్క తీశాక కాసేపు అదిమి పట్టు, లేకపోతే కమిలిపోతుంది. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తే ఆ భయానికే షుగర్ పైకి పోతుంది. అందుకే ఇంట్లో తీసిన అంకెలు నోట్‌బుక్‌లో రాసి డాక్టరుకు చూపించు. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో అసలు కన్నా తక్కువ చూపిస్తుంటాయి కాబట్టి ఏ మీటరో కూడా చెప్పు.

అన్నిటికన్నా కింది అంకె 80–150 మధ్య ఉంటే మోతాదు జోలికి పోవద్దు. 150 పైనే ఆగిపోతే డాక్టరును అడిగి అర యూనిట్ పెంచు. 80 కిందికి దిగితే ఆ రోజే ఫోన్ చేసి తగ్గించు. పెంచాక కనీసం వారం ఆగాలి, గ్లార్జిన్ కుదురుకోవడానికి రోజులు పడుతుంది. షుగర్ మరీ పడిపోయాక ఒళ్లు ఒక్కోసారి తనంతట తానే దాన్ని పైకి తోస్తుంది. పైకి చూస్తే మందు చాలనట్టే ఉంటుంది, నిజానికి ఎక్కువైంది. అందుకే మధ్యాహ్నం అంకె చూడకుండా పెంచకూడదు.

ఇక సిరంజి. అన్నిటికన్నా భయపడాల్సింది ఇక్కడే. మందుల షాపులో ఎర్ర మూతవి 40 రకం, అంటే మి.లీ.కి 40 యూనిట్లుండే మందుకు; నారింజ మూతవి 100 రకం, మి.లీ.కి 100 యూనిట్లుండే మందుకు. గ్లార్జిన్ 100 రకం మందు. ఎర్ర మూత సిరంజిలో ఒక గీత లాగితే పిల్లికి రెండున్నర యూనిట్లు పడతాయి. షాపువాడు ‘ఏదైనా ఒకటేనమ్మా’ అన్నా ఎర్ర మూతది తీసుకోవద్దు. నారింజ మూతలో 0.3 మి.లీ. సైజు, అర యూనిట్ గీతలున్నది అడుగు. చాలా ఇన్సులిన్ పెన్నులు ఒక్కో యూనిట్‌గానే తిరుగుతాయి కాబట్టి మనకు పనికిరావు. లాగాక వెలుతురులో చూడు. ఇంత చిన్న కొలతలో ఒక బుడగ ఉన్నా సగం మందు పోయినట్టే. నీళ్లు కలపొద్దు, సీసా ఊపొద్దు. ఫ్రిజ్‌లో పెట్టు, డీప్ ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే పారెయ్యాల్సిందే. మే నెలలో మన తిరుపతిలో కరెంటు పోతే మూత బిగించిన డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచు.

ఎంత పెంచినా దిగకపోతే ముందు గిన్నెలో చూడు. పాలన్నం, పెరుగన్నం పెట్టే ఇంట్లో ఇన్సులిన్‌తో లాభం లేదు, పిల్లికి కావాల్సింది మాంసం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టొచ్చు కానీ అదొక్కటే చాలదు, పిండిపదార్థం తక్కువున్న డబ్బా తిండి ఉండాలి. తిండి మార్చిన వారంలోనే మందు అవసరం అమాంతం తగ్గొచ్చు, కొన్ని పిల్లులకు పూర్తిగా ఆగిపోతుంది కూడా. ఆ వారం రోజూ షుగర్ చూడకుండా పాత మోతాదు కొనసాగించొద్దు. పంటి చీము, దురదకు వేసిన స్టెరాయిడ్ సూది కూడా షుగర్ దిగనివ్వవు.

తూలడం, వణకడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే తేనె చిగుళ్ల మీద వేలితో రుద్ది, తేరుకోగానే తిండి పెట్టి ఆసుపత్రికి బయల్దేరు. మూర్ఛలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. మీటరులో 60 కిందికి వస్తే, పిల్లి హుషారుగా ఉన్నా సరే, అత్యవసరమే అనుకో.

వేశానో లేదో అనుమానం వస్తే మళ్లీ వెయ్యొద్దు, ఒక పూట తప్పినా ఓర్చుకుంటుంది. తిండి ముట్టకపోతే మాత్రం డాక్టరును అడగకుండా పూర్తి మోతాదు వెయ్యకు. దాంతో పాటు వాంతులు కూడా ఉంటే, మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టేవి) చూసే స్ట్రిప్ ఇంట్లో ఉన్నా దాని కోసం ఆగకుండా అప్పుడే తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ